వెనక్కి తిరిగిన బాణం

“ఇంకో గంట చూసినా అవి చక్రాలే మేడమ్. గుడ్లు పెట్టవు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ స్టేషన్ వెనక పెరట్లో నిలబెట్టిన పికప్ ట్రక్కు ముందు గొంతుక్కూర్చుని, చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య సందులోకి టార్చి వేసి చూస్తోంది. యాభై దాటిన మోకాళ్ళు మొరపెట్టుకుంటున్నా వాటి మాట వినడం ఆమె ఎప్పుడో మానేసింది. ఒకప్పుడు పోలీసు శాఖలోనే రోడ్డు ప్రమాదాలు చూసేది. తర్వాత ఉద్యోగం వదిలేసి సొంతంగా పరిశోధన మొదలుపెట్టింది. శాఖలో ఆమెకి ‘చాదస్తం’ అని పేరు. ఆ పేరు పెట్టిన మహానుభావుడు, అప్పట్లో ఆమె చేతికింద పని నేర్చుకున్న ఈ ఇన్‌స్పెక్టరే.

పైకి చూస్తే కేసు ముక్కుసూటిగానే ఉంది. మొన్న తెల్లవారుజామున కలప డిపో వెనక సందులో, డిపో కాపలాదారు ఏదో బండి కింద పడి చనిపోయాడు. డిపోలో కొన్ని దుంగలు మాయమయ్యాయి. ముందురోజు వానకి సందంతా బురద. ఆ బురదలో వెడల్పాటి టైర్ల అచ్చులు లోపలికి వచ్చి, సందు చివర కుడివైపుకి ఒక్క చుట్టు తిరిగి, వచ్చిన దారినే పోయాయి. ఊళ్ళో అంత వెడల్పు టైర్లున్న పికప్ ఒక్కటే ఉంది. దానికి ఈమధ్యే పెద్ద చక్రాలు వేయించుకుని, కొత్త పెళ్ళికొడుకులా మురిసిపోతున్న ఓ పాతికేళ్ళ వాడిది ఆ బండి. పైగా వాడు అంతకుముందు డిపో గేటుకి అడ్డంగా బండి పెట్టి, ఆ కాపలాదారుతో పదిమందిలో గొడవ పడ్డాడు. ఇంకేముంది, సాయంత్రానికల్లా లాకప్‌లో పడ్డాడు.

వాడి తరఫున డిటెక్టివ్‌ని పిలిపించింది వాడి అక్క. తల్లి పోయాక వాణ్ణి తనే పెంచింది. ఇప్పుడు స్టేషన్ వరండాలో బెంచీ మీద కూర్చుని, ఇటే చూస్తోంది. రేపు ఉదయం తమ్ముణ్ణి కోర్టులో పెడతారు. ఆ తర్వాత వాణ్ణి బయటికి తేవడం తన తరం కాదని ఆమెకి తెలుసు. పొద్దున డిటెక్టివ్‌తో ఆమె ఒకటే మాట చెప్పింది. “వాడికి కోపం ఎక్కువే మేడమ్, కాదనను. కానీ వాడి కోపమంతా నోటితోనే అయిపోతుంది. ఇలాంటి పని చేసి ఇంటికొచ్చి నిద్రపోయే రకం కాదు.”

డిటెక్టివ్ లేచి నడుం సరిచేసుకుంది. “టైర్లకి ఇంత బురద ఉంది కదా, మడ్‌గార్డు లోపల చుక్క కూడా లేదేం?”

“ఎండిపోయి రాలిపోయుంటుంది.”

“టైరు మీదది రాలకుండా, లోపలిది మాత్రం రాలిపోయిందా? భలే బురద.”

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు. “టైరు మీద ఏదో చీరిన గాటు ఉంది. సందులో పోత పోసి తీసిన అచ్చులో కూడా అదే గాటు, అదే చోట. మనిషికి వేలిముద్రెంతో టైరుకి అదంత. ఈ మాట నాకు నేర్పింది మీరే.”

“టైరు ఇదే. ఒప్పుకున్నాను. బండి ఇదేనా అన్నదే నా సందేహం.”

“టైర్లు వాటంతటవే నడుచుకుంటూ పోయాయా మరి?”

పక్కనున్న కానిస్టేబుల్ కిసుక్కున నవ్వాడు. డిటెక్టివ్ కోపం తెచ్చుకోలేదు. ఆమె కోపం తెచ్చుకుంటే ఎదుటివాడికి సుఖంగా ఉంటుందని ఆమెకి అనుభవం. వెనక్కి తిరిగి, “డాక్టర్ గారూ, ఇలా రండి,” అని పిలిచింది.

వచ్చినవాడు మందుల డాక్టరు కాదు. ఈ చక్రాలు బిగించిన టైర్ల షాపు యజమాని. తన చేయి పడ్డ బండి రోడ్డు మీద నెమలిలా నడుస్తుందని తనే చెప్పుకుంటాడు, ఎవరూ అడక్కపోయినా. ‘టైర్ల డాక్టర్’ అన్న బోర్డు కూడా తనే రాయించుకున్నాడు. పోలీస్ స్టేషన్ గాలి తగలగానే ఆ గొప్పలన్నీ తగ్గి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఈ చక్రాలు మీరే వేశారా?”

“నేనే మేడమ్. పాత వాటికన్నా రిమ్ము నాలుగు వేళ్ళు వెడల్పు. టైరు ఎత్తు కూడా ఎక్కువే. మీకు తెలుసో లేదో, టైరు పెద్దదైతే స్పీడు ముల్లు కూడా అబద్ధం చెబుతుంది. మీటరు యాభై అంటుంటే బండి అరవైకి దగ్గర్లో పోతుంటుంది. ఆ సంగతులన్నీ…”

“ఆ సంగతులు తర్వాత. మడ్‌గార్డు లోపల ప్లాస్టిక్ తొడుగు మీద సుద్దతో గీతలున్నాయి. అవెవరివి?”

“నావే. పెద్ద టైరు ఎక్కించాక స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి చూస్తాం. ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ సుద్దతో గీస్తాం. కుడికి తిప్పితే తగిలే చోట అడ్డగీతలు, ఎడమకి తిప్పితే తగిలే చోట నిలువుగీతలు. ఆ గీతల వెంట ప్లాస్టిక్ కోసేసి, మిగిలింది వేడిచేసి వెనక్కి నొక్కి, దాని వెనకున్న ఇనప అంచుని సుత్తితో చదును చెయ్యాలి. అప్పుడే బండి పూర్తిగా తిరుగుతుంది.”

“ఇక్కడ కోత కనబడదే?”

“ఆ పిల్లగాడు ఆగితేగా! సోమవారం రా బాబూ, సగం రోజు పని అన్నాను. అప్పటిదాకా స్టీరింగు సగానికి మించి తిప్పకు, తొడుగు చీరేస్తుంది అని కూడా చెప్పాను. సరే సరే అంటూనే బండెక్కి పోయాడు.”

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. ఆయన అప్పటికే ఎటో చూస్తున్నాడు. తెలివితక్కువవాడేం కాదు, మాట ఎటు పోతోందో అర్థమైపోయింది.

“ఎడమకి ఒక్కసారి తిప్పి చూద్దాం. కుడివైపు గీతల జోలికి పోవద్దు. అవి కోర్టుకి కావాలి,” అంది ఆమె.

టైర్ల డాక్టర్ బండెక్కి కూర్చున్నాడు. బండి మెల్లగా కదిలింది. స్టీరింగు సగం దాటిందో లేదో, గోనెసంచి చింపినట్టు బర్రుమని చప్పుడైంది. కానిస్టేబుల్ ఉలిక్కిపడి చెవులు మూసుకున్నాడు. బండి ఆపాక అందరూ వంగి చూశారు. టైరు ఒరిపిడికి నిలువుగీతలు మచ్చుకైనా మిగల్లేదు. ప్లాస్టిక్ మీద టైరు బురద ఎర్రగా అంటుకుని, ఒక చోట చీలిక కూడా పడింది.

అటు, కుడివైపు అడ్డగీతలు మాత్రం ఇప్పుడే గీసినట్టు తెల్లగా ఉన్నాయి.

“పొద్దున ఆ సందులోకి నేనూ వెళ్ళొచ్చాను. రెండు వైపులా గోడలు. చివర తిరిగిన గుర్తు ఒకే ఊపులో ఉంది, ముందుకీ వెనక్కీ ఆడించింది కాదు. అంత ఇరుకులో స్టీరింగు కుడికి చివరిదాకా తిప్పకుండా ఏ పికప్పూ తిరగదు. ఈ బండి అక్కడ తిరిగుంటే ఆ అడ్డగీతలు ఉండేవి కావు, లోపల బురదా ఉండేది,” అంది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ వంగి ఆ గీతలు మళ్ళీ చూశాడు. “ఇంటికెళ్ళాక మళ్ళీ గీసుకుని ఉండొచ్చు.”

“మనిషిని చంపొచ్చినవాడు కూర్చుని సుద్దగీతలు దిద్దాడంటావా?” తొందరలో పాత ‘నువ్వు’ వచ్చేసింది. కానిస్టేబుళ్ళ ముందు అది బాగుండదని వెంటనే సర్దుకుంది. “ఇంకోటి చూడండి ఇన్‌స్పెక్టర్ గారూ. టైరు పక్కన చెక్కిన బాణం చూశారా?”

టైరు గోడ మీద బొటనవేలంత బాణం గుర్తుంది. టైర్ల డాక్టర్ దాన్ని చూసి, ముక్కున వేలేసుకున్నాడు. బండి చుట్టూ ఓసారి తిరిగొచ్చి, రెండోసారి కూడా తిరిగాడు.

“నాలుగూ వెనక్కే ఉన్నాయి! ఇది నా పని కాదు మేడమ్. బండి ముందుకి పోయేటప్పుడు చక్రం ఎటు తిరుగుతుందో బాణం అటే చూడాలి. అప్పుడే టైరు గళ్ళు బురదని బయటికి తోస్తాయి. ఎడమవి కుడికీ కుడివి ఎడమకీ వేస్తే ఇలా తిరగబడతాయి. నేనిలా వేశానంటే షాపు మూసుకోవడమే!” జేబులోంచి ఫోన్ తీసి వెతికాడు. “ఇదిగోండి, బండి అప్పజెప్పిన రోజు తీసిన ఫొటో. మనోడే టైరు మీద కాలు పెట్టి నిలబడ్డాడు. బాణం ఎటుందో చూడండి.”

ఫొటోలో తమ్ముడు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. వాడి కాలి పక్కన బాణం బుద్ధిగా ముందుకే చూస్తోంది.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసుకుని రెండుసార్లు చూశాడు. తిరిగి ఇచ్చేటప్పటికి ఆయన ముఖంలో ఎకసెక్కం పోయి, నిజమైన పట్టుదల వచ్చింది. “సరే. ఎవరో ఈ చక్రాలు విప్పి, వేరే పికప్‌కి వేసుకుని సందులోకి పోయి, తెచ్చి మళ్ళీ బిగించారు. ఇదేగా మీ కథ? డాక్టరూ, ఈ నట్లు ఎవరు పడితే వాళ్ళు విప్పగలరా?”

“లేదు సార్. చక్రానికో తాళం నట్టు వేశాను, దొంగలు విప్పకుండా. దాని తాళం పెడితేనే పానా పట్టుకుంటుంది. ఒక్కటే ఇచ్చాను, పిల్లగాడి చేతికే.”

“అంటే వాడే విప్పాడు. విప్పి తోడుదొంగకి ఇచ్చాడు. మేడమ్, మీరు మీ క్లయింటు తమ్ముణ్ణి బయటికి లాగబోయి ఇంకా లోపలికి తోశారు.”

“తాళం వాడి దగ్గర ఉండదండీ.”

అందరూ వెనక్కి తిరిగారు. అక్క వరండా దిగి ఎప్పుడొచ్చిందో వచ్చి నిలబడి ఉంది. “వాడు ఏదైనా పారేసుకునే రకం. అందుకని నేనే తీసుకుని మా వంటింట్లో మేకుకి తగిలించాను. బండి తాళం మాత్రం వాడి తలగడ కిందే ఉంటుంది.”

తమ్ముడికి మేలు చేస్తున్నానన్న ధైర్యంతో చెప్పిందామె. డిటెక్టివ్‌కి మాత్రం ఆ మాట వినకుండా ఉంటే బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది.

“రేపు పదిన్నరకి కోర్టు. ఆ లోపు రెండో బండి చూపించండి. చూపిస్తే వాణ్ణి నా చేత్తో నేనే బయటికి పంపిస్తాను. లేకపోతే నా కేసు నాదే,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

*

అక్క ఇల్లు పెద్దదేం కాదు. ముందు రెండు గదులు, వెనక వంటిల్లు, పక్కన తమ్ముడి గది. గదికి ఆనుకుని రేకుల షెడ్డు. రెండు పికప్పులు పక్కపక్కన, వీధి వైపు ముఖం పెట్టి నిలబడేంత చోటుంది. ఒకటి తమ్ముడిది. రెండోది అక్క భర్తది. ఆయన కూరగాయల మార్కెట్‌కి సరుకు తోలతాడు. రోజూ తెల్లవారకముందే షెడ్డులో చప్పుడు చేసుకుంటూ బయల్దేరతాడు కాబట్టి, ఆ వేళలో అక్కడ ఇనుము మోగినా ఇంట్లో ఎవరికీ నిద్ర చెడదు.

డిటెక్టివ్ వంటింట్లో మేకు చూసింది. తాళం అక్కడే వేలాడుతోంది. షెడ్డులోకి వచ్చి, తమ్ముడి బండి నిలిపే చోట నేల చూసింది. మట్టి నేల మీద నాలుగు చోట్ల, పలకంత చదరపు గుంటలు లోతుగా దిగి ఉన్నాయి. చక్రాలు నాలుగూ విప్పేసి బండిని చెక్కదిమ్మల మీద నిలబెడితే తప్ప అలాంటి గుంటలు పడవు.

రెండో బండి చోటుకీ దీనికీ మధ్య మూడడుగుల దూరం. డిటెక్టివ్ ఆ మధ్యలో నిలబడి ఆలోచించింది. వెళ్ళేటప్పుడు చక్రాలు మార్చినవాడు శ్రద్ధగా బాణాలు చూసుకుని, ఎడమ చక్రాన్ని ఎడమకీ కుడి చక్రాన్ని కుడికీ చుట్టూ తిప్పి దొర్లించుకొచ్చాడు. బురదలో పట్టు కావాలి కదా. తిరిగొచ్చేసరికి తెల్లారిపోతోంది. తన బండి కుడి చక్రం విప్పి, పక్కనే ఉన్న తమ్ముడి బండి ఎడమవైపుకి మూడడుగులు దొర్లించి బిగించేశాడు. అవతలివి అవతలికి. బాణాల సంగతి ఎవరికి గుర్తుంటుంది?

“మేడమ్, కాస్త మంచినీళ్ళు తాగండి,” అంటూ అక్క గ్లాసు అందించింది. “ఇంతకీ మీకేమైనా తెలిసిందా? వేరే బండి అంటే ఏ బండికి పడితే ఆ బండికి ఈ చక్రాలు పట్టవు కదా?”

“పట్టవమ్మా. అదే మోడలు అయ్యుండాలి. మడ్‌గార్డు లోపల ముందే కోసి ఉండాలి. లేకపోతే అదీ ఒరుసుకుంటుంది. మీవారి బండి కూడా ఇదే మోడలా?”

“ఆ, అన్నీ అదే. మా తమ్ముడికి ఈ పిచ్చి అంటించింది ఆయనే. పెళ్ళైన కొత్తలో ఆయన బండికీ ఇలాంటి గుండ్రాళ్ళే ఉండేవి. పాప పుట్టాక నేనే పోరి పోరి మామూలువి వేయించాను. ఎక్కడానికి నిచ్చెన కావాలి, పైగా డీజిల్ నీళ్ళలా తాగేది. చక్రాలైతే మార్చారు గానీ లోపల కోసిన ప్లాస్టిక్ అలాగే ఉండిపోయింది. వానొచ్చినప్పుడల్లా బురదంతా పైకి చిమ్ముతోందని ఇప్పటికీ నన్నే…”

మాట అక్కడే ఆగిపోయింది.

డిటెక్టివ్ ఆమె ముఖం చూడలేక గ్లాసు వైపు చూసింది. నిజం కనుక్కోవడం ఆమెకి వచ్చిన పని. దాన్ని తీసుకెళ్ళి ఒకరి చేతిలో పెట్టడం మాత్రం ఇన్నేళ్ళైనా అలవాటు కాలేదు. ఈ అమ్మాయి తమ్ముడి కోసం తన గడప తొక్కింది. ఇప్పుడు తాను ఆమె సంసారంలోనే వేలు పెట్టింది.

“వెడల్పు టైర్లు బురదలో దిగబడవు కదా మేడమ్?” నేల మీది గుంటల వైపు చూస్తూ అడిగింది అక్క.

“దిగబడవమ్మా. దుంగలు ఎక్కించిన బండికి ఆ సందులో అవే కావాలి.”

“మొన్న తెల్లారగట్ల, రోజూకన్నా చాలా ముందే ఆయన నన్ను లేపారు. మేకు మీద తాళం చీకట్లో కనబడట్లేదన్నారు. వాడి బండికి నట్టు వదులైంది, బిగించి వెళ్తానన్నారు. నేనే లేచి, తడిమి, తీసి చేతిలో పెట్టాను. బామ్మర్ది అంటే ఎంత ప్రేమో అనుకుంటూ మళ్ళీ పడుకున్నాను మేడమ్.” కన్నీళ్ళు బొటబొటా రాలుతున్నా తుడుచుకోలేదు. “వాణ్ణి తీసుకెళ్ళినప్పుడు ఈయన నాకన్నా ఎక్కువ ఏడ్చారు. అది నటన కాదు. నాకు తెలుసు.”

“నటన అని నేనూ అనుకోవడం లేదు.”

అంతలో వీధిలో హారన్ మోగింది. పికప్ ఒకటి వెనక్కి వెనక్కి నడుస్తూ షెడ్డులోకి వచ్చి తన చోట నిలబడింది. మామూలు చక్రాల బండి. దిగిన మనిషి చొక్కా చెమటతో తడిసిపోయింది. మూడు రోజుల గడ్డం, నిద్రలేని కళ్ళు. డిటెక్టివ్‌ని చూసి చేతులు జోడించాడు.

“నమస్తే మేడమ్. మీరున్నారని ధైర్యంగా ఉంది.” భార్య వైపు తిరిగాడు. “పెద్ద లాయర్‌ని మాట్లాడొచ్చానే. ఎలాగైనా వాణ్ణి బయటికి తెస్తానన్నాడు. ఈ బండి అమ్మైనా సరే తీసుకొస్తాను, నువ్వు బెంగపెట్టుకోకు.”

“మొన్న పొద్దున తాళం ఎందుకు తీసుకున్నారు?” అడిగింది అక్క.

“ఏ తాళం?”

ఆ రెండు మాటలతో ఆమెకి చివరి ఆశ కూడా పోయింది. నట్టు బిగించానని మళ్ళీ అదే అబద్ధం చెప్పినా ఆమె బహుశా నమ్మేసేది. నమ్మడానికి సిద్ధంగానే ఉంది పాపం. డిటెక్టివ్ ఈలోగా టార్చి వేసి అతని ముందు చక్రం పక్కన కూర్చుంది. మడ్‌గార్డు లోపల తొడుగు పాతకోతతో అంచు నున్నబడి ఉంది. ఆ అంచు చుట్టూ, మామూలు టైరు ఎప్పటికీ అందుకోలేనంత పైన, ఎర్రటి బురద అడ్డంగా రుద్దుకుపోయి ఎండి ఉంది.

ఆమె లేచేటప్పటికి అతను తననే చూస్తున్నాడు. గబుక్కున బండెక్కి తలుపు వేసుకున్నాడు. ఇంజన్ స్టార్ట్ అయింది.

“ఆగండి! పారిపోతే రేపు శిక్ష ఆ పిల్లాడికి పడుతుంది!” డిటెక్టివ్ అరుపు ఆ చప్పుడులో కలిసిపోయింది. తలుపు పట్టుకుని లాగింది, రాలేదు.

అక్క అరవలేదు. నడిచి వెళ్ళి షెడ్డు గుమ్మంలో, బండికి ఎదురుగా, రెండు చేతులూ చాచి నిలబడింది. బండి ముందుకి ఒక జానెడు కదిలింది. ఆమె చీర కుచ్చెళ్ళకి బంపరు తగిలింది. ఆమె పక్కకి జరగలేదు.

“తప్పుకోవే!” లోపల్నుంచి అతను గొంతు చించుకుని అరిచాడు. “నీకు దండం పెడతాను, తప్పుకో!”

“ఆ కాపలాదారూ ఇలాగే నిలబడ్డాడా?” అడిగింది అక్క.

ఇంజన్ మరోసారి గట్టిగా రొద చేసింది. అద్దం వెనక అతని చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోయి ఉన్నాయి. అతని కళ్ళు భార్యని చూస్తున్నాయో, ఆమె నిలబడ్డ చోట ఇంకెవరినైనా చూస్తున్నాయో డిటెక్టివ్‌కి తెలియలేదు.

కాసేపటికి ఇంజన్ ఆగిపోయింది. అతను తల స్టీరింగుకి ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కుతూ చెప్పాడు.

“పక్కకి తప్పుకుంటాడనుకున్నానే.”